నాలుగు రోజులు ఆఫీసు, ఒక రోజు క్లాసు

పోయిన నవంబరులో ఒక మంగళవారం. సన్నటి వాన పడుతోంది. ఒక ఇంటి నిర్మాణానికి అనుమతి అడిగారని ఇరుగుపొరుగుకి తెలిపే పసుపు నోటీసు కాగితాన్ని వీధి దీపం స్తంభానికి కడుతున్నాను. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరు నోరు కిందికి ఉండేలా తిప్పి, రెండు జిప్ టైలతో బిగించాలి. నోరు పైకి ఉంటే నీళ్ళు దిగి రెండు రోజుల్లో అక్షరాలు కారిపోతాయి. సరిగ్గా అప్పుడే గుంటూరు జిల్లా నుంచి బాబాయ్ వీడియో కాల్ చేశాడు. ఏం చేస్తున్నావమ్మా అంటే ఫోను తిప్పి చూపించాను.

"మా మున్సిపాలిటీలో ఈ పని కొలతల గొలుసు పట్టే చైన్‌మన్ చేస్తాడు తల్లీ. నువ్వు అక్కడ ఉన్నది చదువుకోవడానికి కదా?" అన్నాడు.

బాబాయ్ ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళ ప్లాన్లు గీసి, మున్సిపాలిటీలో ఆమోదం తెప్పించే మనిషి. టౌన్ ప్లానింగ్ ఆఫీసు గడప ఆయనకి తెలిసినంతగా నాకు తెలియదు. అందుకే ఆ మాట గట్టిగా తగిలింది. ఆ రోజు ఏదో చెప్పి ఫోను పెట్టేశాను. ఆయనకి అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు కుదురుగా కూర్చుని రాస్తున్నాను. స్తంభానికి నోటీసు కట్టడం చదువే. కాకపోతే అది ఎప్పుడు చదువవుతుంది, ఎప్పుడు ఉత్త కూలిపని అయిపోతుంది అన్నదే అసలు సంగతి. ఆ తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ముందు ఈ చదువు ఏమిటో చెప్పాలి. 2014లో, నాకు పదకొండేళ్ళప్పుడు, అమ్మకి నర్సు ఉద్యోగం వస్తే ఇంగ్లండు వచ్చాం. 2021లో ఇంటర్ లాంటి ఏ లెవల్స్ పూర్తి చేసి, మిడ్‌లాండ్స్‌లో ఒక కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ) ప్లానింగ్ విభాగంలో డిగ్రీ అప్రెంటిస్‌గా చేరాను. వారానికి నాలుగు రోజులు ఆఫీసు, గురువారం యూనివర్సిటీ. ఐదు రోజులకీ జీతం వస్తుంది. ఫీజు నేను కట్టను. జీతాల ఖర్చు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన సంస్థలు, దాటిన మొత్తం మీద అర శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ అనే పన్ను కట్టాలని 2017 ఏప్రిల్‌లో ఇక్కడ నిబంధన వచ్చింది. నా ఫీజు ఆ డబ్బులోంచి పోతుంది. నాతో పాటు స్కూలు ముగించి మామూలు డిగ్రీలో చేరిన స్నేహితులకి ఏడాదికి ఫీజే 9,250 పౌండ్లు. అది అప్పుగా తీసుకుని, ఉద్యోగం వచ్చాక ఏళ్ళ తరబడి జీతంలోంచి తీరుస్తారు.

నా చదువు పూర్తయ్యేసరికి బ్యాచిలర్స్‌తో పాటు మాస్టర్స్ స్థాయి అర్హత వస్తుంది. ఆ చివర రాయల్ టౌన్ ప్లానింగ్ ఇన్‌స్టిట్యూట్ సభ్యత్వం. 1914లో మొదలైన ఆ సంస్థలో పూర్తి సభ్యత్వం వస్తేనే ఇక్కడ చార్టర్డ్ ప్లానర్ అని చెప్పుకోవచ్చు. డబ్బు సంగతి ఇంతటితో ఆపేస్తాను. నేను వాదించదలచింది డబ్బు గురించి కాదు.

మొదటి ఆర్నెల్లు నన్ను వ్యాలిడేషన్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వచ్చిన ప్రతి దరఖాస్తులో కావలసినవన్నీ ఉన్నాయో లేదో చూడడం ఆ బల్ల పని. స్థలం చుట్టూ ఎర్ర గీత గీశారా? ఉత్తరం దిక్కు బాణం ఉందా? స్కేలు ఉందా? యజమాని ధ్రువీకరణ సంతకం ఉందా? ఒక్కటి లేకపోయినా వెనక్కి పంపాలి. రోజుకి ఇరవై దాకా చూసేదాన్ని. విసుగేసేది. ఇంటికొచ్చి అమ్మతో, "నగరాలు ఎలా పెరగాలో ఆలోచిస్తానని చేరితే, బాణాలు లెక్కపెడుతున్నాను" అని ఏడ్చిన రోజు ఉంది.

ఆ విసుగులోనే ఒకటి జరిగింది. మూడు నాలుగు నెలలకి, ఎవరూ చెప్పకుండానే, డ్రాయింగు చూడగానే ఇల్లు కళ్ళ ముందు నిలబడడం మొదలైంది. ఈ గోడ ఇక్కడికి వస్తే పక్కవాళ్ళ దొడ్లో మధ్యాహ్నం నీడ పడుతుంది. ఈ కిటికీ తెరిస్తే అవతలి ఇంటి పడకగది కనిపిస్తుంది. కొన్ని వందల ప్లాన్లు చేతుల మీదుగా పోయాక వచ్చిన చూపు అది. నెలల తరబడి వంట దగ్గర నిలబడ్డ పిల్లకి పోపు వాసనని బట్టే మంట తగ్గించాలని తెలిసినట్టు. యూనివర్సిటీలో ఫుల్ టైమ్ చదివే నా తోటివాళ్ళు నాకంటే బాగా వ్యాసాలు రాస్తారు, నాకంటే ఎక్కువ పుస్తకాలు చదివారు. అయినా ప్లాన్ చదవడంలో మొదటి ఏడాదే నేను ముందుండడానికి కారణం ఆ బల్లే.

ఇక నోటీసు. ఇంగ్లండులో 1947 నాటి ప్లానింగ్ చట్టం వచ్చాక, భూమి నీదే అయినా దాని మీద కొత్తగా కట్టే హక్కు మాత్రం అనుమతితోనే వస్తుంది. ఆ అనుమతి ఇచ్చే ముందు ఇరుగుపొరుగు వాళ్ళకి తెలియజేసి, కనీసం 21 రోజులు వాళ్ళ మాట వినాలి. నేను స్తంభానికి కట్టే కాగితం అందుకే. బాబాయ్ చేసే పనికీ నేను చేసే పనికీ తేడా ఇక్కడే ఉంది. మన దగ్గర రోడ్డు వెడల్పు, స్థలం కొలత, సెట్‌బ్యాకు (గోడకీ హద్దుకీ మధ్య వదిలే ఖాళీ), ఎత్తు చూస్తారు. అంకెలు సరిపోతే ప్లాన్ సరిపోయినట్టే, పక్కింటివాళ్ళ వంటింటి కిటికీ గురించి అడిగేవాళ్ళు లేరు. ఇక్కడ అంకెల తర్వాత కూడా ఒక నిర్ణయం మిగిలే ఉంటుంది. స్థానిక ప్లాన్ (ఊరు ఎలా పెరగాలో ముందే రాసుకున్న పత్రం) ప్రకారం నిర్ణయం తీసుకోవాలి, బలమైన కారణాలు వేరేగా చెబితే తప్ప అని 2004 నాటి చట్టం అంటుంది. ఆ "తప్ప" అనే మాటలో నా ఉద్యోగమంతా ఉంది. ఏది బలమైన కారణం, ఏది కాదు అని తేల్చడం పుస్తకం చదివి వచ్చేది కాదని నేను నమ్మడానికి ఒక వంటగది కారణం.

రెండో ఏడాది చివర్లో నాకు సొంతంగా కొన్ని చిన్న దరఖాస్తులు అప్పజెప్పారు. అందులో ఒకటి, వరసగా ఒకే గోడతో కలిసి ఉండే ఇళ్ళలో ఒక ఇల్లు. వెనకవైపు నాలుగు మీటర్ల పొడవున రెండంతస్తులు పెంచుతామని ఒక కుటుంబం అడిగింది. మూడు తరాలవాళ్ళు కలిసి ఉంటున్నారు. నానమ్మ మెట్లెక్కలేదు, ఆమెకి కింద ఒక గది కావాలి. పైన పిల్లలకి ఇంకో గది. చదివినప్పుడే మనసు వాళ్ళ వైపు మొగ్గింది. మా నాయనమ్మ చివరి రోజుల్లో హాల్లో మంచం వేసుకుని పడుకోవడం నేను చూశాను.

పక్కింటి పెద్దావిడ అభ్యంతరం రాసింది. చేత్తో, నాలుగు పేజీలు. ఇంటి ధర పడిపోతుందనీ, తోట వైపు చూస్తే గోడే కనిపిస్తుందనీ, పని జరిగినన్నాళ్ళు చప్పుడనీ. ఇవేవీ లెక్కలోకి రావు. ఇంటి ధర, ఇంట్లోంచి కనిపించే దృశ్యం ప్లానింగ్ కారణాలు కావని మొదటి నెలలోనే నేర్పారు. మూడో పేజీలో ఒక్క వాక్యం వెలుతురు గురించి ఉంది. ఇక్కడ వెలుతురుకి ఒక వాడుక లెక్క ఉంది. పక్కింటి కిటికీ మధ్య నుంచి 45 డిగ్రీల గీత గీస్తారు, నేల మీద పటంలో ఒకటి, ఎత్తు చూపే పటంలో ఒకటి. కొత్త గోడ రెండు గీతల్నీ దాటితే ఆ గదిలో వెలుతురు బాగా తగ్గుతుందని అర్థం. నేను గీశాను. నేల పటంలో దాటింది. ఎత్తు పటంలో కొద్దిలో తప్పింది. అనుమతి ఇవ్వొచ్చని రిపోర్టు రాసి సీనియర్‌కి పంపాను.

సీనియర్ నా రిపోర్టు చదివి ఒక్క మాట అడిగింది. "పక్కింటి వంటగదిలో నిలబడ్డావా?"

లేదు. దరఖాస్తుదారు ఇంటికి వెళ్ళాను, వాళ్ళ దొడ్డి చూశాను, ఫొటోలు తీశాను. పక్కింటి తలుపు మాత్రం తట్టలేదు. మన ఊళ్ళో గట్టు తగాదా తీర్చడానికి కూర్చున్న పెద్దమనిషి ఒక రైతు పొలంలోంచి మాత్రమే చూసి తీర్పు చెబితే ఊరు ఊరుకుంటుందా? నేను చేసింది అదే.

మర్నాడు వెళ్ళాను. తలుపు తీసిన పెద్దావిడ మొదట నన్ను నమ్మలేదు. తర్వాత లోపలికి రమ్మంది. వెనక వంటగదిలోకి వెళ్ళడానికి మూడు మెట్లు దిగాను. అప్పుడే కాళ్ళకి తెలిసింది. ఆ వీధి వాలుగా ఉంది. డ్రాయింగులో రెండు ఇళ్ళ నేలా ఒకే మట్టంలో గీశారు గానీ, నిజంగా ఆవిడ ఇల్లు అర మీటరు పైగా కింద ఉంది. ఆ లెక్కన చూస్తే ఎత్తు గీత కూడా దాటుతుంది. ఆ గదిలోనే చిన్న భోజనాల బల్ల, దాని మీద అద్దాలు, సగం చదివిన పేపరు. వెలుతురు వచ్చేది ఆ ఒక్క కిటికీ నుంచే. నాలుగు పేజీల ఉత్తరంలో ఆవిడ సరిగ్గా చెప్పుకోలేకపోయిన బాధ ఆ కిటికీయే.

ప్లాన్ గీసినాయనకి ఫోను చేశాను. ఎనిమిది వారాల గడువులో ఆరో వారం నడుస్తోంది. నాలుగుసార్లు మాట్లాడాక పై అంతస్తు నాలుగు మీటర్ల నుంచి రెండు మీటర్లకి తగ్గించి కొత్త డ్రాయింగు పంపారు. ఈసారి నేల మట్టాలు కొలిచి గీశారు. నానమ్మ గది అలాగే ఉంది. పిల్లల గది చిన్నదైంది. వాళ్ళ అమ్మ నాతో మాట్లాడిన చివరిసారి గొంతులో కోపం ఉంది, ఆ కోపం న్యాయమైనదే. అనుమతి వచ్చింది. ఇరువైపులా ఎవరూ నాకు థాంక్స్ చెప్పలేదు. నాకు మాత్రం ఆ మూడు మెట్లు జీవితాంతం గుర్తుంటాయి.

నా తోటి విద్యార్థులు ఇలాంటి కేసులు క్లాసులో చేస్తారు. వాళ్ళ తప్పుకి మార్కులు పోతాయి. నా తప్పుకి ఒక మనిషి మిగిలిన రోజులన్నీ పగలే లైటు వేసుకుని అన్నం తినాల్సి వచ్చేది. తప్పుకి ఎవరో మూల్యం చెల్లిస్తారని తెలిసి చేసే పనిలో వచ్చే శ్రద్ధ వేరు. దాన్ని సిలబస్‌లో పెట్టి నేర్పలేరు.

వెళ్ళి చూడాలన్న ఈ మాట కొత్తదేం కాదు. స్కాట్లండ్‌కి చెందిన ప్లానర్ పాట్రిక్ గెడ్డెస్ 1914లో భారతదేశం వచ్చి, 1915 నాటికి తంజావూరు, మదురై లాంటి మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాల మీద నివేదికలు రాశాడు. చదివింది జీవశాస్త్రం. ఇరుకు పేటల మధ్య నుంచి తిన్నటి వెడల్పు రోడ్డు గీసి, అడ్డొచ్చిన ఇళ్ళన్నీ కూల్చేసే పద్ధతిని ఆయన ఒప్పుకోలేదు. ముందు వీధి వీధీ నడిచి చూడమన్నాడు. మరీ పాడైన కొన్ని ఇళ్ళు మాత్రం తీసి, ఉన్న సందుల్నే కొంచెం విప్పి, చెట్టుకీ గాలికీ చోటిస్తే చాలన్నాడు. ఆ తర్వాత 1920లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతపు పట్టణాల ప్లాన్లకి దశాబ్దాల పాటు అదే ఆధారం. చట్టం మనకి చేరింది. ముందు నడిచి చూడమన్న మాటే సరిగ్గా చేరలేదని నా అనుమానం.

ఇంతవరకూ చదివి, అయితే యూనివర్సిటీ ఎందుకు, ఐదు రోజులూ ఆఫీసులోనే నేర్చుకోవచ్చు కదా అంటారు కొందరు. మా ఆఫీసులోనే ఒక పెద్దాయన అన్నాడు. ఆయనతో నేను అస్సలు ఏకీభవించను. ఎందుకో చెప్పాలంటే 21 మీటర్ల కథ చెప్పాలి.

ఎదురెదురు ఇళ్ళ వెనక కిటికీల మధ్య 21 మీటర్ల దూరం ఉండాలని మా కౌన్సిల్ మార్గదర్శకాల్లో ఉంది. ఇంగ్లండులో చాలా కౌన్సిళ్ళలో ఉంది. ఒకరి ఇల్లు ఒకరికి కనపడకుండా, ఏకాంతం కోసం అని అందరం చెబుతాం. నేనూ రెండేళ్ళు అలాగే రిపోర్టుల్లో రాశాను. ఒక గురువారం క్లాసులో మా లెక్చరర్ అడిగింది, "ఇరవై ఒకటే ఎందుకు? ఇరవై ఎందుకు కాదు?" ఎవరికీ తెలియలేదు. వెతికితే అది 70 అడుగులు. 1918 నాటి ట్యూడర్ వాల్టర్స్ నివేదికలోది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో కార్మికుల ఇళ్ళు ఎలా ఉండాలో తేల్చడానికి వేసిన కమిటీ అది. అందులో రేమండ్ అన్విన్ అనే ప్లానర్ ఉన్నాడు. చలికాలంలో సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు కూడా ముందు వరస ఇళ్ళ నీడ వెనక వరస కిటికీల మీద పడకూడదని ఆ దూరం పెట్టారు. ఎండ కోసం పెట్టిన అంకె. వందేళ్ళలో ఏకాంతం అంకె అయిపోయింది. ఎందుకు పెట్టారో మరిచిపోయి అందరం దాన్ని కాపలా కాస్తున్నాం.

ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ నా రిపోర్టులన్నీ గుర్తు చేసుకున్నాను. పంతొమ్మిది మీటర్లే ఉందని నేను తిరస్కరించమని రాసిన ఒక ఇల్లు ఉంది. నిజంగా అక్కడ ఎవరికి నష్టం? నేను ఆలోచించనేలేదు. ఆఫీసులో అంకె వాడడం నేర్పుతారు. అంకెని ప్రశ్నించే తీరిక అక్కడ లేదు. నాలుగు రోజుల పని అలవాటు చేసిన దాన్ని ఐదో రోజు వచ్చి ఊపాలి. ఐదో రోజు లేకపోతే నేను పదేళ్ళలో మంచి గుమాస్తాని అవుతాను, ప్లానర్ని కాను.

అందుకే ఆ ఒక్క రోజు గురించి ఇంత పట్టుదల నాకు. ఆ రోజు పోవడం ఎంత తేలికో అనుభవించాను. మూడో ఏడాదిలో మా టీమ్‌లో ఇద్దరు ప్రైవేటు కన్సల్టెన్సీలకి వెళ్ళిపోయారు. ఇది మా ఆఫీసు కథ ఒక్కటే కాదు. 2013 నుంచి 2020 లోపు ప్రభుత్వ రంగ ప్లానర్లలో నాలుగో వంతు బయటికి పోయారని రాయల్ టౌన్ ప్లానింగ్ ఇన్‌స్టిట్యూటే లెక్క తేల్చింది. వాళ్ళ కేసులు నా మీద పడ్డాయి. మొదట ఒక గురువారం అడిగారు, "ఈ ఒక్కసారికి". తర్వాత ఇంకోటి. రెండు నెలల్లో ఐదు క్లాసులు పోయాయి. ఎవరూ నన్ను కసిరి చేయించలేదు. అందరూ మంచివాళ్ళు, అందరూ అలసిపోయి ఉన్నారు. కాదంటే నేను స్వార్థపరురాలినేమో అని నాకే అనిపించేది. రాత్రి పదకొండింటికి వ్యాసం రాస్తూ టెన్షన్‌తో చేతులు వణికిన రోజులున్నాయి.

నన్ను కాపాడింది నా ధైర్యం కాదు, నిబంధన. అప్రెంటిస్ పని గంటల్లో అయిదో వంతు చదువుకే ఉండాలని నేను చేరినప్పటి నియమం. మూడు నెలలకోసారి అప్రెంటిస్, మేనేజర్, యూనివర్సిటీ ట్యూటర్ ముగ్గురూ కూర్చుని ఏం నేర్చుకున్నామో చూసుకోవాలి. ఆ సమావేశంలో ట్యూటర్ నా లాగ్‌బుక్ తెరిచి గురువారాలు లెక్కపెట్టింది. మేనేజర్ ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత ఒక్క గురువారం కూడా పోలేదు. ఆ నిబంధన లేకపోతే, ఆ కాగితం మీద ముగ్గురి సంతకాలు లేకపోతే, నా కథ చవకగా దొరికిన కూలి కథ అయ్యేది. బాబాయ్ చెప్పిన చైన్‌మన్ పనికీ నా పనికీ మధ్య ఉన్న గోడ ఆ గురువారమే.

ఇప్పుడు ఈ దేశంలో జరిగిన మార్పు. 2025 మే నెలలో ప్రభుత్వం ప్రకటించింది, 2026 జనవరి నుంచి అమలు చేసింది. మాస్టర్స్ స్థాయి అప్రెంటిస్‌షిప్‌లకి లెవీ డబ్బు ఇక 16 నుంచి 21 ఏళ్ళ వాళ్ళకే. కొద్దిపాటి మినహాయింపులున్నాయి. పెద్ద కంపెనీలు ఎప్పటి నుంచో ఉన్న మేనేజర్లకి ఈ డబ్బుతో పై చదువులు చెప్పిస్తున్నాయి, అది కుర్రవాళ్ళకి మళ్ళించాలి అన్నది ప్రభుత్వ వాదన. కుర్రవాళ్ళకి డబ్బు పెట్టడం తప్పని నేను అనను. నేను చేరింది పద్దెనిమిదేళ్ళకే, నా మీద ఈ మార్పు ప్రభావం లేదు.

కానీ చార్టర్డ్ టౌన్ ప్లానర్ అప్రెంటిస్‌షిప్ ఆ మాస్టర్స్ స్థాయిలో ఉంది. నా బ్యాచ్‌లో నాతో పాటు కూర్చున్నవాళ్ళు గుర్తొస్తున్నారు. జాగ్రఫీ డిగ్రీ చేసి ఏ ఉద్యోగం కుదరక కౌన్సిల్ ఫోన్లు ఎత్తుతున్న అబ్బాయి, ఇరవై నాలుగేళ్ళు. ఇద్దరు పిల్లల తల్లి, పదేళ్ళు వ్యాలిడేషన్ బల్ల దగ్గరే పని చేసి, ఊళ్ళో ప్రతి వీధి వాలూ తెలిసిన మనిషి, ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఆ వంటగది నేల కింద ఉందని ఆవిడకి వెళ్ళకుండానే తెలిసి ఉండేది. వీళ్ళిద్దరూ ఈ ఏడాది దరఖాస్తు చేస్తే కౌన్సిలే తన జేబులోంచి ఫీజు కట్టాలి. జేబులో ఏముందని కడుతుంది? ఒకవైపు ఈ పార్లమెంటు కాలంలో 15 లక్షల ఇళ్ళు కడతామంటున్నారు. 300 మంది కొత్త ప్లానింగ్ ఆఫీసర్లని తెస్తామన్నారు. ఆ ఇళ్ళని చూసే మనుషుల్లో అందరికంటే ఊరు తెలిసినవాళ్ళకి తలుపు మూశారు. ఇది తప్పు. ఊరు తెలియడానికి వయసు కావాలి. మిగతా వృత్తుల సంగతి నాకు తెలియదు, ఈ వృత్తిలో మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్ళ విద్యార్థి దొరకడం అదృష్టం.

మళ్ళీ బాబాయ్ దగ్గరికి వస్తాను. ఆయన పెద్ద కూతురు, మా అక్క, సివిల్ డిప్లొమా చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు పరీక్ష రాసి వార్డు ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీగా ఎంపికైంది. సుమారు నాలుగు వేల జనాభాకి ఒక సచివాలయం చొప్పున, రాష్ట్రమంతా 3,800కి పైగా వార్డు సచివాలయాలు వచ్చాయి. అంటే అన్ని వార్డుల్లో, నడిచి చేరగలిగేంత దూరంలో, ప్లానింగ్ అనే పేరున్న ఒక ఉద్యోగి. నేను ఇంగ్లండులో చూసిన ఏ కౌన్సిల్‌కీ ఇంత దగ్గరగా మనుషులు లేరు. అక్కకి తన వార్డులో ఏ కాలవ మీద ఎవరు శ్లాబు వేశారో, ఏ సందులోకి అంబులెన్సు రాదో, వానాకాలంలో నీళ్ళు ముందు ఎవరి గుమ్మంలోకి వస్తాయో తెలుసు. గెడ్డెస్ చెప్పిన నడక ఆమె రోజూ నడుస్తోంది. ఆమెకి లేనిది గురువారం.

2021 సెప్టెంబరులో నీతి ఆయోగ్ పట్టణ ప్రణాళిక మీద ఒక నివేదిక ఇచ్చింది. దేశంలో రాష్ట్రాల స్థాయిలో 12 వేల మందికి పైగా టౌన్ ప్లానర్లు కావాలి. మంజూరైన పోస్టులు నాలుగు వేల లోపే, వాటిలోనూ సగం దాకా ఖాళీ. 7,933 పట్టణ ఆవాసాల్లో సుమారు 65 శాతానికి మాస్టర్ ప్లానే లేదు. దీనికి జవాబుగా ఎప్పుడూ వినేది, కొత్త కాలేజీలు పెట్టాలి, సీట్లు పెంచాలి అని. పెట్టాల్సిందే. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008లో వచ్చింది, మంచి పిల్లలు బయటికి వస్తున్నారు. కానీ అక్క ఉద్యోగం మానేసి, పిల్లాడిని అత్తగారి దగ్గర వదిలి, నాలుగేళ్ళు అక్కడ కూర్చోగలదా? జీతం ఆగితే ఇంటి వాయిదా ఎవరు కడతారు?

దారి లేదా అంటే ఉంది. మనకి అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది. 2020 జూన్‌లో కేంద్రం తులిప్ పేరుతో కొత్త గ్రాడ్యుయేట్లని పట్టణ స్థానిక సంస్థల్లో ఇంటర్న్‌లుగా పెట్టే పథకం తెచ్చింది. డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్ కలిపే కోర్సులకి యూజీసీ 2025లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవన్నీ కాలేజీలో ఉన్న కుర్రవాళ్ళని ఆఫీసుకి పంపేవి. నేను అడుగుతున్నది దానికి తలకిందులు. ఇప్పటికే ఆఫీసులో ఉన్న మనిషిని వారానికి ఒక రోజు కాలేజీకి పంపండి. జీతం ఆపకండి. ఆ రోజు ఆమెకి వేరే సర్వే డ్యూటీ వేయకూడదని కాగితం మీద రాయండి. మూడు నెలలకోసారి లాగ్‌బుక్ తెరిచి రోజులు లెక్కపెట్టే మనిషిని కాలేజీ వైపు నుంచి పెట్టండి. ఆఖరికి ఆమె డిగ్రీని పదోన్నతికి లెక్కలోకి తీసుకోండి.

దీన్ని చెప్పినప్పుడు బాబాయ్ ఒక అభ్యంతరం చెప్పాడు, అది బలమైనదే. "అంతా ఆన్‌లైన్ అయిపోతోంది కదమ్మా. ఇంకా ఈ ప్లానర్లెందుకు?" తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టంతో 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి ఆమోదమే అక్కర్లేదు, రిజిస్టర్ చేసుకుంటే చాలు. అంతకంటే పెద్దవాటికి కూడా ఒక హద్దు వరకు సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. మామూలు మనిషి ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరగడం తగ్గింది. మంచిదే. కానీ కంప్యూటర్ అంకెల్ని చూస్తుంది. మూడు మెట్లు దిగదు. అనుమతి ఎంత తేలికైతే, తర్వాత వీధిలోకి వెళ్ళి చూసే మనిషి చూపు అంత పదునుగా ఉండాలి. లేకపోతే ఆ మనిషి చేతిలో టేపు ఒకటే మిగులుతుంది. అది అక్కే చెప్పింది నాకు. సెట్‌బ్యాకు తగ్గిందని నోటీసు ఇవ్వగలదు. ఆ వీధి మొత్తం పదేళ్ళకి ఎలా మారాలో చెప్పమంటే తనని ఎవరూ అడగరు, అడిగినా ఎలా ఆలోచించాలో ఎవరూ నేర్పలేదు అంది.

పోయిన సంక్రాంతికి ఫోన్లో మాట్లాడుతుంటే నా 21 మీటర్ల కథ చెప్పాను. అక్క చాలాసేపు విన్నది. తర్వాత తన వార్డులో పెట్టే సెట్‌బ్యాకు అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎక్కడ చదవొచ్చని అడిగింది. నేను కొన్ని పుస్తకాల పేర్లు చెప్పాను. పిల్లాడు పడుకున్నాక చదువుతానంది. అప్పుడు మెల్లగా, "మీ దగ్గర ఉన్నలాంటి చదువు నాలాంటిదానికి ఇస్తారా?" అంది.

ఆమెకి ముప్ఫై ఒకటి. ఇక్కడే ఉన్నా, 2026 జనవరి తర్వాత అయితే లెవీ సొమ్ము ఆమెకి ఇవ్వరని చెప్పాల్సి వచ్చింది.